గిల్బర్ట్ దీవించిన సముద్రపు కుందేళ్ళు

మా అక్క భానుమతికి కోపం వస్తే డర్బన్ రేవులో ఓడలు లంగరు తెంపుకుని పారిపోతాయని నేను అందరికీ చెబుతుంటాను. ఎవరూ నమ్మరు. 1997లో ఆమె ప్రయోగశాలలో పనిచేసి ఉంటే నమ్మేవాళ్ళు. ఆ ఏడాది ఆమె సహనం మొత్తం ఖర్చు చేయించినవాడు గిల్బర్ట్. డర్బన్ శివారు సీ కౌ లేక్‌లో పుట్టి, మొబేని ఫ్యాక్టరీల పేటలో బూట్లు తయారుచేసి, యాభై దాటాక సముద్రపు కుందేళ్ళకు కాపలా కాసిన మనిషి. అతని కథ అతన్నే చెప్పమంటే నవ్వి ఊరుకుంటాడు. మా అక్కను చెప్పమంటే పళ్ళు నూరుతుంది. అందుకని ఈ పని నా మీద పడింది. ప్రతిభ కావలసిన పనులన్నీ నా మీదే పడతాయి.

నా పేరు కార్తికేయ. విశాఖలో జంతుశాస్త్రం ఎమ్మెస్సీ సగంలో ఆపేశాను. నా జవాబులకు తగిన ప్రశ్నలు వాళ్ళ దగ్గర లేవు. అక్కకు దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో ఒక విశ్వవిద్యాలయంలో ఉద్యోగం వచ్చినప్పుడు మా అమ్మ ఆమె సామానుతోపాటు నన్ను కూడా పంపేసింది. ఇక్కడ నా ఉద్యోగం సముద్రాన్ని మోయడం. బకీ అని పిలిచే చిన్న ట్రక్కులో పీపాలు వేసుకుని తీరానికి పోయి, ఉప్పునీళ్ళు నింపి తెచ్చి తొట్లలో పోయాలి. ఒకసారి నా పీపాల వాసన పట్టుకుని ఒక సొరచేప ఉంగేని నది వంతెన దాకా వచ్చింది. ఎర్ర లైటు పడేసరికి ఆగిపోయింది. చాలా క్రమశిక్షణ గల జంతువు. గిల్బర్ట్ దగ్గర అంత క్రమశిక్షణ ఉండి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

సముద్రపు కుందేలంటే పెంకు బయటికి కనిపించని ఒక నత్త. అరచేయంత ఉంటుంది. తల మీద రెండు కొమ్ములు కుందేలు చెవుల్లా నిలబడతాయి. వీపు మీద మొప్ప, దాని పక్కన చిన్న గొట్టం. ఆ గొట్టాన్ని తాకితే మొప్పను గభాల్న లోపలికి లాక్కుంటుంది. మరీ విసిగిస్తే ఊదారంగు సిరా చిమ్ముతుంది. మా అక్క కూడా ఇంచుమించు ఇంతే, సిరా ఒక్కటే తక్కువ. దాని నరకణాలు పెద్దవి, కొద్దివి. అందుకని జ్ఞాపకం ఎలా ఏర్పడుతుందో తెలుసుకోవాలనుకునే శాస్త్రవేత్తలకు ఈ నత్త అంటే ప్రాణం. డర్బన్‌కి దక్షిణాన రాళ్ళ మధ్య నీటి గుంటల్లో ఇవి దొరుకుతాయి. ఆటుపోటు తగ్గిన పూట నేనూ గిల్బర్టూ పోయి ఏరుకొచ్చేవాళ్ళం.

గిల్బర్ట్ తాతలు విశాఖ వైపు నుంచి చెరకు తోటల్లో పనికి వచ్చినవాళ్ళు. అతని చిన్నప్పుడే తల్లి ఒక డేరా ప్రార్థనల్లో క్రీస్తును నమ్ముకుంది. ఇంట్లో దేవుడి పటాలు దిగాయి, పిల్లలకు కొత్త పేర్లు వచ్చాయి. ఆ ఇంట్లో మారనిది అవ్వ ఒక్కతే. పొద్దున్నే గుమ్మంలో నిలబడి, బడికి పోయే ప్రతి పిల్లవాడి నెత్తి మీదా చెయ్యి పెట్టి, "సల్లగుండు నాయినా" అని పంపేది. కూతురు ఏ దేవుణ్ణి పూజిస్తోందో ఆమె పట్టించుకోలేదు. నెత్తి దొరికితే చాలు.

అవ్వ పోయాక ఆ ఇంట్లో తెలుగు కూడా పోయింది. గిల్బర్ట్‌కి మిగిలినవి వరసలు, తిండి పేర్లు, తిట్లు, ఆ దీవెన. మాతో ఎక్కువగా ఇంగ్లీషే మాట్లాడేవాడు; నన్ను ‘బ్రూ’ అనేవాడు, అంటే డర్బన్ యాసలో బ్రదర్. మధ్యమధ్యలో మా ఊరి ముసలమ్మలు కూడా మరిచిపోయిన పల్లె తెలుగు దొర్లేది. ఇక్కడ అతని మాటలన్నీ నేను తెలుగులోనే రాస్తున్నాను. నా చేతిలో పడి అతని తెలుగు చాలా బాగుపడింది.

మొబేనిలో బూట్ల ఫ్యాక్టరీలో గిల్బర్ట్ ఒక వరుస యంత్రాలకు మేస్త్రీ. పొద్దున్న కరెంటు ఇవ్వకముందే ప్రతి యంత్రం మీదా చెయ్యి పెట్టి దీవించేవాడు. పక్క వరుసల్లో వేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు. అతని వరుసలో అందరి వేళ్ళూ క్షేమం. యజమానులు కూడా అందుకే నవ్వుకుని వదిలేశారు. 1994లో అన్ని రంగులవాళ్ళకూ ఓటు హక్కు వచ్చినప్పుడు, జీవితంలో మొదటిసారి ఓటు వేయడానికి ఒక బడి మైదానంలో తెల్లవారుజాము నుంచీ నిలబడ్డాడు. అప్పుడు ముందున్నవాళ్ళ నెత్తి మీద కూడా చెయ్యి పెట్టాడేమోనని నాకు అనుమానం. మరో రెండేళ్ళకు దేశం తలుపులు తెరుచుకుని బయటి బూట్లు చవగ్గా వచ్చిపడ్డాయి. ఫ్యాక్టరీ మూతపడింది. ఆ వయసులో, ఆ ఒక్క పనే తెలిసినవాడికి మొబేనిలో ఇంకెవరూ పని ఇవ్వలేదు. చివరికి మా తొట్ల కాపలా దొరికింది. అదీ తాత్కాలికమే. ఏడాది చివర్లోగా అక్క ఫలితాలు చూపిస్తే ప్రయోగశాల ఉంటుంది, గిల్బర్ట్ ఉద్యోగం ఖాయమవుతుంది. చూపించకపోతే గదికి తాళం. అక్కకు ఇంకోచోట ఉద్యోగం దొరుకుతుంది, నాకు ప్రపంచంలో ఎక్కడైనా దొరుకుతుంది. గిల్బర్ట్‌కి మాత్రం ఇదే ఆఖరిది. ఈ సంగతి అతనికి బాగా తెలుసు. తెలిసీ ఏం చేశాడో వినండి.

ఒక మధ్యాహ్నం ఇద్దరం బకీ వెనక కూర్చుని, అతని భార్య షర్లీ పంపిన చిక్కుళ్ళ కూర రొట్టెల్లో పెట్టుకుని తింటున్నాం. గిల్బర్ట్ అడిగాడు.

"తమ్ముడూ, డాక్టరమ్మ ఆ పురుగుల్లో ఏటి ఎతుకుతోంది?"

"జ్ఞాపకం, అన్నా. నీ వరుసలో ఒక మిషను బెల్టు జారిందనుకో. ఏం చేస్తావు?"

"లాగి కడతాను."

"అది సాయంత్రం దాకా ఆగుతుంది. కాసేపటి జ్ఞాపకం అలాంటిది. నరకణం తన దగ్గరున్న ప్రోటీన్లనే కాస్త సర్దుకుంటుంది. మరి అది రోజూ జారుతుంటే?"

"మేడ మీద ఆఫీసుకి సెప్పాల. ఒక్కసారి సెప్తే ఆళ్ళు ఇనరు బ్రూ. మళ్ళీ మళ్ళీ పోవాల."

"కణంలో మేడ మీద ఆఫీసు పేరు కేంద్రకం. ఒకే పూట వందసార్లు అరిచినా అది పెద్దగా పట్టించుకోదు. విరామం ఇచ్చి, మళ్ళీ వచ్చి, మళ్ళీ వచ్చి అడిగితే ఒక ప్రోటీను తాళంచెవిలా తిరుగుతుంది. జన్యువులు తెరుచుకుంటాయి. కొత్త ప్రోటీన్లు తయారై, ఒక నరం ఇంకో నరాన్ని కలిసే చోటుకి పోతాయి. ఆ చోటు ఆకారమే మారిపోతుంది. భయం నేర్చుకుంటే అక్కడ కొత్త మొలకలొస్తాయి. భయం లేదని నేర్చుకుంటే ఉన్నవే ముడుచుకుంటాయి. అది ఎక్కువ కాలం నిలిచే జ్ఞాపకం."

"ఆఫీసులో అన్నిటికీ వద్దనేవోడు ఒకడుంటాడే. ఈడ నేడా?"

"ఉన్నాడు. తాళంచెవికి అడ్డుపడే ప్రోటీను ఇంకోటుంది. అది లేకపోతే చూసిన ప్రతి చెత్తా గుర్తుండిపోతుంది. మా అక్క దగ్గర ఒక మందుంది. అది పోస్తే కొత్త ప్రోటీన్ల తయారీయే ఆగిపోతుంది."

"సమ్మె అన్నమాట," అన్నాడు గిల్బర్ట్ తృప్తిగా. సమ్మెలు అతను చాలా చూశాడు.

ఇంత గొప్పగా మా అక్క కూడా చెప్పలేదు. ఆమె చెబితే విద్యార్థులు నిద్రపోతారు, నేను చెబితే రొట్టెముక్క చేతిలో పట్టుకుని వింటారు.

అక్క పథకం ఇది. కొత్తగా తెచ్చిన కుందేళ్ళను రెండు వారాలు తొట్లలో అలవాటు పడనివ్వాలి. తరవాత గొట్టం తాకి, మొప్ప ఎంతసేపు లాక్కుంటాయో కొలవాలి. అప్పుడు తోకకు చిన్న షాకులిచ్చి భయం నేర్పాలి. కొన్నిటికి మందు కూడా పోసి, ఏవి గుర్తుంచుకున్నాయో, ఏవి మరిచిపోయాయో చూడాలి.

మొదటి మెట్టు దగ్గరే బండి ఆగిపోయింది. రెండు వారాల తరవాత అక్క గొట్టం తాకితే ఏ కుందేలూ మొప్ప లాక్కోవడం లేదు. వేసవి మధ్యాహ్నం గుమాస్తాల్లా బద్ధకంగా ఒకసారి కదిలి ఊరుకుంటున్నాయి. భయమే లేనివాటికి భయం పెరిగిందో లేదో ఎలా కొలుస్తుంది?

"నీ నీళ్ళే," అంది అక్క నాతో. "ఎక్కడ పట్టుకొస్తున్నావు, కాలవలోనా?"

"హిందూ మహాసముద్రంలో. రసీదు ఇవ్వలేదు."

నీళ్ళు మార్చాం. గాలి గొట్టాలు మార్చాం. మేతగా వేసే నాచు మార్చాం. ఆ తొట్టి మొత్తం పారబోసి కొత్త కుందేళ్ళను తెచ్చాం. తెచ్చిన రోజున అవి ముట్టుకుంటే చాలు ముడుచుకుని, సిరా చిమ్మి, నా కొత్త చొక్కాను ఊదారంగు చేసేవి. రెండు వారాల తరవాత మళ్ళీ అదే బద్ధకం. మూడో విడత కూడా అంతే. అక్క అన్నం తినడం మానేసి నన్ను తినడం మొదలుపెట్టింది.

ఒకరోజు నేను తీరం దాకా పోకుండా దగ్గర్లోనే నీళ్ళు పట్టుకొస్తున్నానని అనుమానించి, నన్ను పట్టుకోవడానికి పొద్దున్నే ప్రయోగశాలకు వచ్చింది. నేను దొరకలేదు. నా బదులు గిల్బర్ట్ దొరికాడు. చొక్కా చేతులు మడిచి, కళ్ళు మూసుకుని, తొట్టిలో చెయ్యి పెట్టి ఉన్నాడు. ఒక్కో కుందేలు దగ్గరా ఆగి, వీపు మీది గొట్టాన్ని వేలికొసతో మెల్లిగా తాకి, "సల్లగుండు నాయినా" అంటున్నాడు. తరవాత దాని పక్కది. తరవాత దాని పక్కది.

నేను పీపాలతో వచ్చేసరికి అక్క గొంతు మెట్ల దాకా వినిపిస్తోంది.

"రోజూనా? ప్రతి రోజూ ముట్టుకుంటున్నావా?"

"ఆదివారం రాను కదమ్మా, చర్చి. ఆదివారం ఒక్కటే నేదు."

"ఎందుకు ముట్టుకున్నావు?"

"దీవించాల కదా. పాపం, ఇల్లొదిలి ఒచ్చినాయి."

"ఆ గొట్టమే ఎందుకు ముట్టుకున్నావు గిల్బర్ట్? ఒళ్ళంతా ఉంది కదా."

"నెత్తి కాదా అది?" అన్నాడు గిల్బర్ట్. అతని ముఖంలో నిజమైన దిగులు కనబడింది. ఇన్నాళ్ళూ తప్పు చోట దీవించానే అన్న దిగులు.

అక్క స్టూలు మీద కూలబడింది. ప్రతి విడత మొదట్లో అతని వేళ్ళు ఊదారంగులో ఉండేవని, రానురాను ఆ రంగు పోయేదని అప్పుడు గుర్తొచ్చింది మాకు. కుందేళ్ళకు అతని వేలు పాతబడిపోయింది. రోజుకొకసారి, విరామమిచ్చి, మళ్ళీ వచ్చి, మళ్ళీ వచ్చి, అది హాని చేయదని వాటి కణాల్లో మేడ మీది ఆఫీసుకు నచ్చజెప్పాడు. అక్క షాకులతో భయం నేర్పబోయేలోపే ఈయన నిబ్బరం నేర్పేశాడు.

ఆమె తొట్టి మీద మూత పెట్టి, ఎవరూ ముట్టుకోవద్దని చెప్పి మూడు వారాలు వదిలేసింది. తరవాత గొట్టం తాకింది. కుందేళ్ళు అదే బద్ధకంగా ఉన్నాయి. మూడు వారాలుగా ఎవరి వేలూ తగలకపోయినా గుర్తుపెట్టుకున్నాయి. అక్క ముఖం ఎలా మారిందంటే, ఆమెకు జ్వరం వచ్చిందనుకున్నాను.

"కార్తీ, ఇది ఎక్కువ కాలం నిలిచిన జ్ఞాపకమే. భయం అవతల పారేయ్. దీన్నే కొలుద్దాం."

కొత్త పథకం మూడు తొట్లు. మొదటిదాన్ని రోజూ తాకాలి. రెండోదాన్ని తాకాలి, తాకేముందు మందు కూడా పోయాలి. మూడోదాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. ఆ మూడోది లేకపోతే మార్పు తాకడం వల్లే వచ్చిందని ఎవరూ ఒప్పుకోరు. ఏడాది చివరికి ఇక ఒక్క విడతకే సమయం ఉంది. అక్క ఇదంతా గిల్బర్ట్‌కి బోర్డు మీద బొమ్మలు గీసి మరీ చెప్పింది. అతను శ్రద్ధగా విని, తల ఊపి, చివర్లో అన్నాడు.

"మూడో తొట్టి పిల్లలు ఏటి పాపం సేసినాయి డాక్టరమ్మా?"

"ఏ పాపం చేయలేదు. పోలికకు కావాలి."

"రెంటికి పెట్టి ఒకదానికి మానేస్తే, అవి మనసులో ఏటనుకుంటాయి?"

"వాటికి మనసు లేదు."

"జ్ఞాపకం ఉంది, మనసు నేదా?"

అక్క బోర్డు మీది బొమ్మలు తుడిచేసింది.

"గిల్బర్ట్, ఇది నీ ఉద్యోగం. తాళంచెవి నీ దగ్గరుంటుంది, అందరికంటే ముందు వచ్చేది నువ్వు. మూడో తొట్టి ముట్టుకోనని మాటివ్వు, చాలు."

అతను తొట్ల వైపు తిరిగాడు. "ముట్టుకోనని సెప్పి ముట్టుకుంటే అబద్ధం. ఇయ్యాల మాట ఇచ్చేస్తాను, రేపొద్దున ఆటి ఎదురుగా నిలబడితే నా చెయ్యి ఆగదు. నాకు తెలుసు." జేబులోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు. "ఇంకోణ్ణి సూసుకోమ్మా." టోపీ తీసుకుని బస్సు స్టాపుకు నడిచాడు.

ఇంతకన్నా విసుగెత్తించే మనిషిని నేను ఎరగను. నేనైతే మూడు మాటలిచ్చి ఆరు తప్పేవాణ్ణి, ఉద్యోగం మాత్రం వదిలేవాణ్ణి కాదు. అక్క ఆ రోజంతా బీకర్లు కడిగింది. కడిగినవే మళ్ళీ కడిగింది. సాయంత్రం నాతో అంది, "వాడు అబద్ధం చెప్పి ఉంటే తిట్టి పంపేదాన్ని. నిజం చెప్పి నన్ను చంపుతున్నాడు. పో, తీసుకురా."

సీ కౌ లేక్‌లో వాళ్ళిల్లు చిన్నది. వెనక కోళ్ళ గూడు. షర్లీ ఇంట్లోనే పెళ్ళి గౌన్లు కుడుతుంది. నేను వెళ్ళేసరికి గిల్బర్ట్ గూటి దగ్గర కూర్చుని ఉన్నాడు. షర్లీయే నాకు టీ ఇచ్చి మొదలుపెట్టింది.

"ఇంట్లో కూడా ఇంతే బ్రదర్. కోడి గుడ్డు పెడితే, గుడ్డు తీసే ముందు కోడి నెత్తి మీద చెయ్యి. ఆలోగా కోడి పొడుస్తుంది. ఇరవై అయిదేళ్ళుగా చూస్తున్నాను, ఒక్కదాన్నీ వదలడు."

"ఒక్కదాన్ని వదిలితే ఉద్యోగం దక్కుతుంది సిస్టర్."

"నీకెలా తెలుస్తుంది. వాళ్ళ అవ్వ ఒకరోజు ఈయన తమ్ముణ్ణి మర్చిపోయిందట. వాడు బడికి పోకుండా గుమ్మం దగ్గరే కూర్చున్నాడు సాయంత్రం దాకా." సూది దారం పళ్ళతో తెంపి, పెరటి వైపు కేకేసింది. "గిల్బర్ట్. ఫ్యాక్టరీలో ఆ అట్టలు అతికించే వేడి ప్రెస్‌కి ఏం చేసేవాడివి? దాన్ని ముట్టుకున్నావా ఎప్పుడైనా?"

పెరట్లోంచి జవాబు వచ్చింది.

"అది కాల్తది కదా. రాత్రి కూడా సల్లారదు. పైన పట్టేవోణ్ణి సెయ్యి."

"దానికి దీవెన తగల్లేదా మరి? పదిహేనేళ్ళు ఒక్క వేలూ తినలేదే ఆ ప్రెస్."

గిల్బర్ట్ లేచి వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చాడు. తన కుడి అరచేతిని తిప్పి చూసుకున్నాడు. ఆ తరవాత నా వైపు చూశాడు.

"నీళ్ళకి పైన సెయ్యి పట్టుకుంటే డాక్టరమ్మ ఒప్పుకుంటదా తమ్ముడూ? నీళ్ళు తాకను. నీడ పడకుండా పక్కనించి పట్టుకుంటాను."

ఆ సంగతి చెబితే అక్క ఒప్పుకోవడమే కాదు, కుర్చీలోంచి లేచింది. ఎవరో వచ్చి నిలబడటం వల్లో, మాట చప్పుడు వల్లో కుందేళ్ళు మారాయని ఇక ఎవరూ అనలేరు. మూడు తొట్లకూ అదే మనిషి, అదే మాట, అదే చెయ్యి. మొదటిదానికీ మూడోదానికీ తేడా అల్లా వేలు తగలడమే. ఇంతకన్నా మంచి పోలిక ఆమెకే తట్టలేదు. ఈ ఆలోచన నాదేనని చెప్పాను. షర్లీ అభ్యంతరం చెప్పలేదు. ఆమె అక్కడ లేదు.

ఆ విడతంతా గిల్బర్ట్ మాట తప్పలేదు. మొదటి రెండు తొట్లలో వేలు, మూడోదాని మీద గాలిలో చెయ్యి. రెండో తొట్టి కుందేళ్ళకు మందు పోసేటప్పుడు మాత్రం తల తిప్పుకునేవాడు.

ఫలితం వచ్చిన రోజు అక్క గొట్టాలు తాకుతుంటే మేమిద్దరం వెనక నిలబడ్డాం. మొదటి తొట్టివి బద్ధకంగా ఊరుకున్నాయి. అతని వేలు వాటికి గుర్తుంది. మూడో తొట్టివి గభాల్న ముడుచుకున్నాయి. రెండో తొట్టివి కూడా కొత్తగా రాళ్ళ మధ్యనుంచి వచ్చినట్టు ముడుచుకుని సిరా చిమ్మాయి. రోజూ తాకిన పూట అవి కూడా తేరుకునేవి, తెల్లారేసరికి అంతా పోయేది. కొత్త ప్రోటీన్లు తయారు కాలేదు, ఆ వేలు వాటి లోపల ఎక్కడా నిలవలేదు.

అక్క విజయం వచ్చినప్పుడు కూడా చిరాగ్గానే ఉంటుంది. "సరిగ్గా వచ్చింది, ఇంకేం నిలబడ్డారు, తుడవండి," అంది. గిల్బర్ట్ మాత్రం రెండో తొట్టి దగ్గరే ఆగిపోయాడు.

"అన్ని రోజులు పెట్టినాను సెయ్యి. ఈటికి నేను తెల్దు."

"మందు మానేశాం కదా అన్నా. ఇప్పుడు పెడితే గుర్తుంటుంది."

"నిజంగా?"

నేను నిజం చెప్పడం అరుదు కాబట్టి అక్క వైపు చూశాడు. ఆమె తల ఊపింది. అతను అక్కడికక్కడే చొక్కా చేతులు మడిచి, మొదటి కుందేలు నుంచి మొదలుపెట్టాడు. అవి చిమ్మిన సిరాకి వేళ్ళన్నీ ఊదారంగయ్యాయి. మూడో తొట్టిని కూడా వదల్లేదు. వచ్చే విడతకు అక్క ఆ తొట్టినే వాడుకుందామని అనుకుంటోందని నేను చెప్పలేదు. చెప్పేలోపే అయిపోయింది. ఆమె కేకకు గిల్బర్ట్ ఆగలేదు.

విశ్వవిద్యాలయం ప్రయోగశాలను ఉంచింది. గిల్బర్ట్ ఉద్యోగం ఖాయమైంది. ఆ కబురు అక్కే అతనికి చెప్పింది. ఆమె కుర్చీలో కూర్చుని ఉంది. అతను దగ్గరికి వచ్చి, ఊదారంగు వేళ్ళ చేతిని ఆమె నెత్తి మీద పెట్టి, "సల్లగుండు నాయినా," అన్నాడు. మగవాళ్ళకూ ఆడవాళ్ళకూ నత్తలకూ అతని దగ్గర అదొక్కటే మాట.

అక్క ఉలిక్కిపడి తల వెనక్కి లాక్కుంది.

"కొత్త కదా," అన్నాడు గిల్బర్ట్, చెయ్యి దించి. "రేపు మళ్ళీ పెడతాను డాక్టరమ్మా. ఆదివారం ఒక్కటే రాను."